రాత్రి ఫోన్ చేసి ఆర్డర్ గురించి అడిగితే "ఎదురు మాట్లాడుతుంది" అని కంప్లైంట్.. సారీ చెప్పాలా?

నైట్_షిఫ్ట్_సిస్టర్

అందరికీ నమస్తే. సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్స్‌ని, జాయిన్ అయ్యి ఇంకా ఏడాది కాలేదు. ఒక విషయం లోపల పెట్టుకుని తిరుగుతున్నా, ఇక్కడైనా చెప్పుకుంటే కాస్త తేలికవుతుందని రాస్తున్నా, పొడుగ్గా ఉంటుంది ఏమనుకోకండి.

మొన్న నైట్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, పొట్ట ఆపరేషన్ అయిన మర్నాడు. పొద్దున రిపోర్ట్‌లో పొటాషియం తక్కువ వచ్చిందని డ్రిప్‌లో కలిపి ఎక్కించమని రాశారు, అప్పటికి అది కరెక్ట్ ఆర్డరే. అర్ధరాత్రి దాటాక సాయంత్రం పంపిన శాంపిల్ రిపోర్ట్ వచ్చింది, పొటాషియం 5.8, అంటే ఉండాల్సిన దానికంటే ఎక్కువ. యూరిన్ బ్యాగ్ చూస్తే పదింటి నుంచి అడుగున ఉన్నదే ఉంది, కొత్తగా ఏం రాలేదు. ఎక్కుతున్న బాటిల్ అయిపోవచ్చింది, తర్వాతది నేనే కలపాలి. కలపకుండా పక్కన పెట్టి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశా. "రాసింది రాసినట్టు చెయ్యి, నాకు నేర్పేంతదానివయ్యావా" అన్నారు. సార్ ఇప్పుడొచ్చిన రిపోర్ట్‌లో 5.8 ఉంది అని మళ్ళీ చెప్పా. వచ్చారు. వచ్చి పేషెంట్ వాళ్ళ ముందే, పక్క బెడ్ల వాళ్ళు లేచి కూర్చుని చూస్తుండగా ఇంకో నాలుగు మాటలు అన్నారు. తర్వాత కేస్ షీట్ తీసి పొటాషియం కొట్టేసి, ఈసీజీ తియ్యమని రాసి, నా మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయారు.

పెద్దాయన బాగానే ఉన్నారు. పొద్దున ఇన్‌ఛార్జ్ సిస్టర్ పిలిచి "ఎదురు మాట్లాడుతున్నావంట, డాక్టర్ గారు చాలా ఫీలయ్యారు, వెళ్ళి ఒక సారీ పడేసెయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు. అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. నిన్న ఇంకో పేషెంట్‌కి చలితో జ్వరం వస్తే ఫోన్ చేశాను గానీ, చేసేముందు నంబర్ నొక్కడానికి చెయ్యి రాలేదు. ఆ ఆగడమే నన్ను భయపెడుతోంది. సారీ చెప్పాలా?

ఐసీయూ_అక్క

చెల్లీ, నువ్వు చేసింది నర్సు చెయ్యాల్సిన పని, అంతకు తక్కువా లేదు ఎక్కువా లేదు. యూరిన్ రాని మనిషికి, అప్పటికే 5.8 ఉన్న మనిషికి ఇంకా పొటాషియం ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. అంతెందుకు, పొటాషియం గాఢమైన ఆంప్యూల్స్‌ని వార్డుల్లో విడిగా ఉంచొద్దని ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నది ఈ భయంతోనే కదా.

ఇక ముందు చెయ్యాల్సిన పని. నర్సెస్ నోట్స్‌లో టైమ్ వేసి రాశావా? రిపోర్ట్ ఇన్నింటికి వచ్చింది, యూరిన్ ఇంత, డాక్టర్ గారికి ఇన్నింటికి తెలియజేశాం, ఇన్నింటికి ఆర్డర్ ఆపారు, ఈసీజీ ఇన్నింటికి తీశాం. అంతవరకే. ఆయన నిన్నేమన్నాడో కేస్ షీట్‌లో రాయకు, అది పేషెంట్ కాగితం, రేపు ఆ పెద్దాయన ట్రీట్‌మెంట్ కోసం తెరిచిన వాళ్ళకి మీ గొడవ అక్కర్లేదు. తిట్టిన సంగతి విడిగా ఒక కాగితం మీద, డేట్ టైమ్ అక్కడ ఎవరున్నారో రాసి ఇన్‌ఛార్జ్‌కి ఇవ్వు, ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో.

సారీ సంగతంటావా, నువ్వు గొంతు పెంచి ఉంటే పెంచినందుకు చెప్పు. అడిగినందుకు మాత్రం చెప్పకు. అడిగినందుకు ఒకసారి సారీ చెప్తే ఇంకెప్పుడూ అడగలేవు, అరుపు పడిన నర్సు తర్వాతి రాత్రి ఏం చేస్తుందో నేను చాలామందిలో చూశాను, "పొద్దున రౌండ్స్‌లో చెప్దాంలే" అంటుంది. పొద్దున దాకా ఆగని జబ్బులు ఉంటాయి.

మెడిసిన్_రెసిడెంట్

నేను డాక్టర్‌ని, కాబట్టి ఇక్కడ తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నా. పేషెంట్ల ముందు అరవడం తప్పు, దానికి ఏ సాకూ లేదు. 5.8 చూసి ఫోన్ చెయ్యడం నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. ఒక్కోసారి శాంపిల్ తీసేటప్పుడు రక్తకణాలు చిట్లితే పొటాషియం అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది, అయినా సరే ముందు డ్రిప్ ఆపి, ఈసీజీ చూసి, మళ్ళీ శాంపిల్ పంపాలి, "ల్యాబ్ తప్పేమోలే" అని కొనసాగించకూడదు.

కానీ మా వైపు కూడా చూడండి. రాత్రి వచ్చే ఫోన్లలో సగం ఎలా ఉంటాయంటే "సార్ పద్నాలుగో బెడ్ పేషెంట్ బాలేదు, రండి". ఏమైందమ్మా? "ఏదోలా ఉన్నాడు సార్". బీపీ ఎంత? "చూసి చెప్తా సార్". ఏం మందులు పడ్డాయి? "నేను ఇప్పుడే డ్యూటీకి వచ్చా సార్". నిద్ర లేని రెండో రాత్రి, రెండు వార్డులు, కింద క్యాజువాలిటీలో ఇంకొకడు గసపడుతుంటే ఈ ఫోన్ వస్తే ముందు ఎక్కడికి పరిగెత్తాలో తేల్చుకోలేం. కోపం ఆ నిస్సహాయతలోంచి వస్తుంది. కరెక్టనట్లేదు, వస్తుంది అంటున్నా.

ఐసీయూ_అక్క

డాక్టర్ గారూ మీ మాట కాదనను, ఆ "ఏదోలా ఉన్నాడు" ఫోన్లు నేనూ విన్నాను. దానికి పద్ధతి ఉంది కదండీ, ఎస్‌బార్ అని. అమెరికా నేవీ సబ్‌మెరైన్లలో పుట్టిన పద్ధతి, తర్వాత కైజర్ పర్మనెంటే అనే అక్కడి ఆరోగ్య సంస్థ వాళ్ళు హాస్పిటల్‌కి మలిచారు. నాలుగు ముక్కలు. ఇప్పుడేమైంది, వెనకాల కథేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. చెల్లి కేసే తీసుకుని ఫోన్లో ఎలా చెప్పాలో రాస్తా చూడండి:

"సార్, సర్జికల్ వార్డు నైట్ సిస్టర్‌ని మాట్లాడుతున్నా. ఏడో బెడ్ పేషెంట్ పొటాషియం ఇప్పుడు 5.8 వచ్చింది, పది నుంచి యూరిన్ లేదు. నిన్న పొట్ట ఆపరేషన్ అయ్యింది, పొద్దున తక్కువుందని డ్రిప్‌లో పొటాషియం రాశారు. ఇంకా ఎక్కిస్తే ప్రమాదం అనిపిస్తోంది, తర్వాతి బాటిల్ కలపకుండా ఆపాను. మీరొచ్చి చూడాలి, ఈలోపు ఈసీజీ తీసి ఉంచమంటారా?"

గట్టిగా చదివితే అర నిమిషం పట్టదు. కొత్త పిల్లలకి కష్టమనిపించేది మూడు, నాలుగు ముక్కలే. ఉన్నది ఉన్నట్టు అంకెలు చెప్పేస్తారు గానీ "నాకు ఇలా అనిపిస్తోంది, మీరిది చెయ్యండి" అనడానికి నోరు రాదు, అది డాక్టర్ మాట మనది కాదు అని ట్రైనింగ్ నుంచీ నూరిపోశారు కాబట్టి. ఫోన్ ఎత్తేముందు కేస్ షీట్, బీపీ, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఇన్‌పుట్ అవుట్‌పుట్ చార్ట్ చేతిలో పెట్టుకోండి. అవతల ఆయన చెప్పిన ఆర్డర్ రాసుకుని తిరిగి చదివి వినిపించండి, ముఖ్యంగా మందు పేరు, మోతాదు. అరిచినా చదవండి.

మెడిసిన్_రెసిడెంట్

ఇలా ఫోన్ చేస్తే నేను మంచం దిగి చెప్పులేసుకుంటూనే సగం ఆలోచించేసి ఉంటా. "ఈసీజీ తీసి ఉంచమంటారా" అన్న ఆ ఒక్క ముక్క ఎంత టైమ్ మిగుల్చుతుందో.

రిటైర్డ్_ఇన్‌ఛార్జ్

అమ్మాయ్, నేను ఇన్‌ఛార్జ్‌గా చేసి రిటైరయిన దాన్ని. మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఎందుకలా అన్నదో నాకు తెలుసు. పొద్దున్నే ఆవిడకి రౌండ్స్ ఉంటాయి, ఆ డాక్టర్‌తోనే డిశ్చార్జ్‌లు రాయించుకోవాలి, రేపు స్టాఫ్ తక్కువైతే పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడాలి, ఇంత ముడి మధ్యలో ఒక జూనియర్ సారీతో పని జరిగిపోతుందంటే ఆ దారే పట్టుకుంటుంది. అర్థం చేసుకో, ఒప్పుకోకు. ఇన్‌ఛార్జ్ కుర్చీలో కూర్చున్నాక ఆ పిల్లకి డాక్టర్‌కి మధ్య నిలబడాల్సింది ఆవిడే. నా దగ్గరికి డాక్టర్ ఎవరైనా కంప్లైంట్ తెస్తే నేను అడిగేదాన్ని, "మా పిల్ల అడిగిన ప్రశ్న తప్పా, అడిగిన తీరు తప్పా చెప్పండి". ప్రశ్న తప్పు కాదని వాళ్ళ నోటితో వాళ్ళే అనేవారు. తీరు సంగతి నేను చూసుకుంటా అని పంపేదాన్ని.

ఇంకో మాట, ఇది మన వాళ్ళకి చేదుగా ఉంటుంది. డాక్టర్లు అరుస్తారని చెప్పుకుంటాం, కొత్త పిల్లని మొదటి నెలలో బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చేలా చేసేది మాత్రం చాలా చోట్ల తోటి సిస్టర్లే. "మేం పడ్డాం నువ్వూ పడు" అని క్యాన్యులా (డ్రిప్ సూది) పెట్టడానికి నరం దొరకని పేషెంట్లందరినీ కొత్తదానికి వదిలేసి వెనకాల నుంచుని నవ్వడం, డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్‌లో కావాలని సగం చెప్పకుండా వదిలి తర్వాత "చూసుకోలేదా" అనడం, వరసగా నైట్లు వెయ్యడం. అమెరికాలో 1986లోనే ఒక నర్సింగ్ టీచర్ దీని మీద వ్యాసం రాసింది, మన పిల్లల్ని మనమే తినేస్తున్నామా అని. హ్యాండోవర్ దాచడం అన్నిటికంటే నీచం అంటాను నేను, శిక్ష కొత్త పిల్లకి వేస్తున్నామనుకుంటారు గానీ అది పడేది మంచం మీద ఉన్న మనిషికి.

నైట్_షిఫ్ట్_సిస్టర్

మేడమ్ మీరు రాసింది చదివి కళ్ళనీళ్ళు వచ్చాయి. హ్యాండోవర్ సంగతి అక్షరాలా నిజం. అక్కా, ఆ ఫోన్ మాటలు నోట్‌బుక్‌లో రాసుకున్నా.

థియేటర్_నర్స్

థియేటర్ నుంచి ఒక చిన్న అనుభవం. మా దగ్గర సర్జరీ మొదలయ్యే ముందు అందరూ ఆగి పేరు, ఏ పని చేస్తున్నారో చెప్పాలి. డబ్ల్యూహెచ్‌ఓ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్‌లో ఉన్న రూల్ అది, మొత్తం 19 అంశాలు, మత్తు ఇచ్చేముందు కొన్ని, కత్తి పెట్టేముందు కొన్ని, పేషెంట్‌ని బయటికి తీసేముందు కొన్ని. కత్తి పెట్టేముందు మొదటి అంశమే ఒకరికొకరు పేర్లు చెప్పుకోవడం. మొదట్లో మా సర్జన్లు విసుక్కున్నారు, పదేళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం పేర్లేంటి అని. చిత్రం ఏంటంటే పదేళ్ళుగా కలిసి పనిచేస్తున్న ఒకాయనకి పరికరాలు అందించే మా స్క్రబ్ నర్స్ పేరు నిజంగానే తెలియదు, "సిస్టర్" అంతే.

పేరు చెప్పించడం వెనక ఆలోచన ఏంటంటే, ఒకసారి గదిలో నోరు తెరిచిన మనిషి రెండోసారి తెరవడానికి అంత జంకదు. గాజుగుడ్డల లెక్క ఒకటి తగ్గిందనుకోండి, కుట్లు వేస్తున్న పెద్ద డాక్టర్‌ని ఆపి "సార్ ఒకటి తక్కువుంది" అనాల్సింది గదిలో అందరికంటే చిన్న మనిషి. ఆ చెక్‌లిస్ట్‌ని ఎనిమిది దేశాల్లో ఎనిమిది హాస్పిటల్స్‌లో పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7కి దిగాయి, 2009 జనవరిలో వచ్చింది ఆ పేపర్. కాగితం మీద టిక్కులు ఒకేసారి పెట్టేసే చోట మాత్రం ఏ ఉపయోగం లేదు, ఆగి మాట్లాడాలి.

ఎనస్థీషియా_డాక్టర్

పైన థియేటర్ సిస్టర్ రాసింది చదివాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నా. మా స్పెషాలిటీలో అందరికీ చెప్పే కేసు, ఎలైన్ బ్రొమైలీ అని ఇంగ్లండ్‌లో 2005లో. 37 ఏళ్ళావిడ, సైనస్‌కి మామూలు ఆపరేషన్, ముందుగా ప్లాన్ చేసుకున్నది. మత్తు ఇచ్చాక గొంతులో ట్యూబ్ వెయ్యడం కుదరలేదు, మాస్క్‌తో గాలీ పంపలేకపోయారు. గదిలో అనుభవం ఉన్న డాక్టర్లు ముగ్గురు. వాళ్ళు ట్యూబ్ వెయ్యడానికి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఆ పరిస్థితిలో మెడ దగ్గర రంధ్రం పెట్టి గాలి పంపాలి. ఒక నర్స్ దానికి కావాల్సిన ట్రాకియాస్టమీ సెట్ తెచ్చి, తెచ్చానని చెప్పింది కూడా. ఇంకో నర్స్ ఐసీయూలో బెడ్ ఉందని చెప్పింది. ఆ మాటలు డాక్టర్ల చెవికెక్కలేదు. ఆవిడ కొన్ని రోజుల తర్వాత చనిపోయింది.

ఆవిడ భర్త పైలట్. విమానాల్లో కో-పైలట్ మాట కెప్టెన్ వినేలా ట్రైనింగ్ ఎన్నాళ్ళ నుంచో ఉంది, హాస్పిటల్‌లో ఎందుకు లేదని అడిగాడు. డాక్టర్లని జైల్లో వెయ్యమనలేదు, ఇలా ఎందుకు జరుగుతుందో చూడండి అన్నాడు. 2007లో దాని కోసమే ఒక సంస్థ పెట్టాడు.

నేను నా థియేటర్‌లో కేసు మొదలెట్టే ముందు అందరికీ చెప్తా: నేను ట్యూబ్ రెండుసార్లు తప్పితే నాకు మూడోసారి కనపడదు, మీకు కనపడుతుంది, గట్టిగా నా పేరు పెట్టి పిలిచి చెప్పండి. "సార్" అని మెల్లగా అంటే ఆ టైంలో వినపడదు. టెన్షన్‌లో చూపు, చెవి రెండూ ఇరుకైపోతాయి, ఇది అహంకారం లేని మంచి డాక్టర్‌కి కూడా జరుగుతుంది. కాబట్టి అడగడానికి అనుమతి ముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడే ఇవ్వాలి. ఆ పని సీనియర్ది, జూనియర్ ధైర్యం మీద వదిలెయ్యకూడదు.

వార్డ్_అసిస్టెంట్

నేను వార్డుల అసిస్టెంట్‌గ చేస్త. డాక్టర్లు నర్సులు గురించి అందరు రాస్తున్నరు, మా గురించి ఒక్క ముక్క లేదు. పేషెంట్‌ని తిప్పేది, ఒళ్ళు తుడిచేది, బెడ్‌షీట్ మార్చేది మేము. వీపు మీద ఎర్రగ మచ్చ మొదలైంది ముందు మాకే కనిపిస్తది, పొద్దున మాట్లాడిన ముసలాయన మధ్యాహ్నం మాట తడబడుతుండంటే మాకే ముందు తెలుస్తది. పోయి సిస్టర్‌కి చెప్తే కొందరు వింటరు, కొందరు "నీ పని నువ్వు చూసుకో" అంటరు. డాక్టర్ మిమ్మల్ని ఏమన్నడో అదే మాట మీరు మమ్మల్ని అంటరు. తప్పు పడుతలేను, జరుగుతున్నది చెప్తున్న.

ఐసీయూ_అక్క

అన్నా, ఈ మాట ఇక్కడ అందరూ రెండుసార్లు చదవాలి. మాట తడబడటం అంటే స్ట్రోక్ కావచ్చు, గడ్డ కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, చివరిసారి బాగా మాట్లాడింది ఎప్పుడో చెప్పగలిగేది మీలాంటి వాళ్ళే. హ్యాండోవర్‌లో మీరూ నిలబడాలి. మా యూనిట్‌లో అలాగే పెట్టాం, బెడ్ దగ్గర హ్యాండోవర్ అయ్యాక "మీకేమైనా కనిపించిందా" అని వార్డ్ అసిస్టెంట్‌ని అడిగి గానీ పక్క బెడ్‌కి వెళ్ళం.

ఫార్మసిస్ట్

నేను హాస్పిటల్ ఫార్మసీలో. ఇన్సులిన్ ఆర్డర్లో యూనిట్స్‌కి ఇంగ్లిష్ అక్షరం 'యు' ఒక్కటే రాస్తే అది సున్నాలా కనపడి 4 కాస్తా 40 అయిపోతుంది, పేషెంట్ షుగర్ పడిపోయి కోమాలోకి వెళ్తాడు. అందుకే ఆ అక్షరం వాడొద్దు, పూర్తిగా యూనిట్స్ అని రాయండి అని అమెరికాలో 2004 నాటికే రూల్ చేశారు. ఇప్పటికీ అలా రాసినవి వస్తాయి, ఫోన్ చేసి అడిగితే "అంత తెలియదా" అంటారు. తెలుసండీ, తెలుసు కాబట్టే అడుగుతున్నాం.

నర్సులు ఎందుకు అడగరు అనేదాని మీద పాత ప్రయోగం ఒకటుంది. 1966లో, నర్సులకి ముఖం తెలియని డాక్టర్ ఎవరో ఫోన్ చేసి ఒక మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమన్నాడు, మందు డబ్బా మీద గరిష్ఠం 10 అని స్పష్టంగా ఉంది. 22 మందిలో 21 మంది ఇవ్వడానికి సిద్ధమయ్యారు, బెడ్ దాకా వెళ్ళకముందే ఆపారనుకోండి. నర్సులు బానిసల్లా వింటారు అని చెప్పడానికి అందరూ దీన్నే ఎత్తుతారు. 1977లో మళ్ళీ చేసింది మాత్రం ఎవరూ చెప్పరు. ఈసారి నర్సులకి బాగా తెలిసిన మందు, తోటి వాళ్ళని అడగడానికి వీలుంది. 18 మందిలో 16 మంది ఇవ్వలేదు. అంటే మందు గురించి తెలిసి, పక్కన సలహా అడగడానికి ఇంకొకరుంటే అదే నర్సు ఆగుతుంది. రాత్రిపూట వార్డుకి ఒక్కర్నే వేసి, కొత్త మందు గురించి ఒక క్లాస్ కూడా చెప్పకుండా, ఆ తర్వాత ఎందుకడగలేదు అంటే ఎలా?

మూడు_వార్డుల_సిస్టర్

అన్నీ చదివా. మాటలు బాగున్నాయి గానీ నాకు కోపం వస్తోంది. పద్ధతిగా ఫోన్ చెయ్యాలి, తిరిగి చదివి వినిపించాలి, అసిస్టెంట్‌ని అడగాలి, ఎప్పుడు చెయ్యాలండీ? నైట్‌లో ముప్పై మందికి ఒక్కదాన్ని. పెన్సిలిన్ టెస్ట్ డోస్ వేసి రియాక్షన్ చూడ్డానికి పక్కన నిలబడే టైం లేదు. మర్యాద నేర్పే క్లాసులు పెడుతున్నారు మాకు, చిరునవ్వుతో మాట్లాడమని. ముందు మనుషుల్ని వెయ్యమనండి, నవ్వు దానంతటదే వస్తుంది.

రిటైర్డ్_ఇన్‌ఛార్జ్

నీ కోపం న్యాయం తల్లీ. 2002లో పెన్సిల్వేనియాలో 168 హాస్పిటల్స్ లెక్కలు తీసి చూశారు, సర్జరీ పేషెంట్లలో. ఒక నర్సుకి ఒక్క పేషెంట్ అదనంగా పెరిగితే నెల రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని తేలింది, నర్సుల్లో అలసట, విసుగు కూడా దాంతోపాటే పెరిగాయి. కాలిఫోర్నియాలో చట్టం చేసి 2004 నుంచి అమలు చేశారు, ఐసీయూలో ఇద్దరికి ఒక నర్స్ చొప్పున. చట్టం కావాలని అడగడానికి మన దగ్గర కాగితాలుండాలి, అందుకే ఎవరు ఎంతమందిని చూశారో ప్రతి షిఫ్ట్ రిపోర్ట్ బుక్‌లో రాయమంటాను నేను. "స్టాఫ్ తక్కువ" అని నోటితో చెప్తే గాలికి పోతుంది. ఎన్ని బెడ్లు, ఎంతమంది సీరియస్, ఎంతమంది నర్సులు, సంతకం.

కానీ మనుషులు చాలక పోయినా అరవకుండా ఉండొచ్చు. దానికి బడ్జెట్ అక్కర్లేదు.

మూడు_వార్డుల_సిస్టర్

అది ఒప్పుకుంటా. ఈ రోజు నుంచే రాస్తా బుక్‌లో.

పేషెంట్_కూతురు

నేను హాస్పిటల్ మనిషిని కాదు, అమ్మ చాలా రోజులు అడ్మిట్ అయి ఉంటే పక్కనే ఉన్నాను. ఒకటి చెప్పాలి. మా ముందు డాక్టర్ సిస్టర్‌ని "నీకేం తెలుసు" అన్న రోజు నుంచి మా పక్క బెడ్ వాళ్ళు ఆ సిస్టర్ ఏం చెప్పినా వినడం మానేశారు. నీళ్ళు తాగించొద్దు ఇప్పుడే అని ఆవిడ చెప్తే "డాక్టర్‌నే అడుగుతాం" అన్నారు, ఆవిడ అటు తిరగ్గానే తాగించేశారు. ఆవిడ మాటకి విలువ లేదని మాకు నేర్పింది ఆ డాక్టరే. అమ్మకి రాత్రిళ్ళు ఊపిరి ఆడకపోతే పరిగెత్తుకొచ్చింది ఆ సిస్టరే. మా వాళ్ళు కూడా నర్సుల మీద అరుస్తారు, బిల్లు కోపం, ఆలస్యం కోపం అంతా చేతికందిన వాళ్ళ మీద చూపిస్తారు, చూస్తూ ఊరుకోకుండా పక్కనున్న మేమైనా ఆపాలి.

నైట్_షిఫ్ట్_సిస్టర్

అప్‌డేట్ ఇస్తా అనుకుని ఆలస్యం చేశా. రిటైర్డ్ మేడమ్ రాసిన ప్రశ్న కాగితం మీద రాసుకుని మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గరికెళ్ళా. "మేడమ్, నేను అడిగిన ప్రశ్న తప్పయితే చెప్పండి, సారీ చెప్తా" అన్నా. ఈసీజీ, రిపోర్ట్ టైం, నోట్స్ చూపించా. ఆవిడ చాలాసేపు షీట్ చూసి "ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు. ఆయన చెప్పింది విని నన్ను పిలిచారు, నన్ను అడగలేదు అంతే. మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం. డాక్టర్ గారు సారీ అనలేదు. "రిపోర్ట్ మారిందని నాకు అర్థం కాలేదు, పాత ఆర్డర్ గురించి అడుగుతున్నావనుకున్నా" అన్నారు. నేను "ఇకమీద రిపోర్ట్‌లో వచ్చిన అంకె ముందు చెప్తా సార్, ఏదైనా అనాలంటే పేషెంట్ల ముందు కాకుండా డ్యూటీ రూంలో అనండి" అన్నా. సరే అన్నారు. చేతులు వణికాయి, గొంతు మాత్రం వణకలేదు. నిన్న రాత్రి ఫోన్ చేస్తే మామూలుగా మాట్లాడారు.

థియేటర్_నర్స్

డ్యూటీ రూం అని అడిగావు చూడు, అక్కడ నిన్ను మెచ్చుకోవాలి.

మెడిసిన్_రెసిడెంట్

బాగా చేశారు సిస్టర్. ఆయన సారీ చెప్పాల్సింది, నా అభిప్రాయం అదే. మా బ్యాచ్ వాట్సాప్‌లో ఐసీయూ అక్క రాసిన ఫోన్ మాటలు పెట్టా, మేం సీనియర్లకి ఫోన్ చేసేటప్పుడు కూడా ఇలాగే చెప్దాం అని, ఎందుకంటే మాకూ పైనుంచి అవే అరుపులు పడతాయి.

ఒక సందేహం. ఇలాంటివి ఇన్సిడెంట్ రిపోర్ట్ (పొరపాటు జరిగితే హాస్పిటల్‌కి రాసిచ్చే ఫారం) రాయాలా? పేషెంట్‌కి ఏం కాలేదు కదా. మా దగ్గర ఆ ఫారం అంటే మెమో ఇచ్చినట్టే చూస్తారు, ఎవరి మీద రాశావ్ అంటారు.

ఎనస్థీషియా_డాక్టర్

రాయాలి. ఏం కాకుండా తప్పినవే రాయాలి, ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి భయం లేకుండా అందరూ నిజం చెప్పేవి అవే. ఈ కేసులో రాయాల్సిన విషయం డాక్టర్ కోపం గురించి కాదు, సాయంత్రం పంపిన శాంపిల్ రిపోర్ట్ అర్ధరాత్రి దాకా ఎందుకు రాలేదు, 5.8 వచ్చినప్పుడు ల్యాబ్ వాళ్ళు వార్డుకి ఫోన్ చెయ్యాలా వద్దా, పొటాషియం ఆర్డర్‌కి "ఫలానా విలువ దాటితే ఆపండి" అని ఎందుకు రాసి లేదు. ఈ మూడూ సరిచేస్తే రేపు ఏ సిస్టర్ ఉన్నా, ఏ డాక్టర్ ఉన్నా ఆ బాటిల్ ఎక్కదు.

ఇంకొకటి, 1990ల్లో అమెరికాలో నర్సింగ్ టీమ్‌ల మీద మందుల తప్పుల లెక్క తీశారు. మంచి టీమ్‌లలో తప్పులు తక్కువుంటాయి అనుకున్నారు, లెక్కలో ఎక్కువొచ్చాయి. ఏంటా అని లోతుగా చూస్తే అక్కడ ఇన్‌ఛార్జ్ తిట్టదు కాబట్టి బయటికి చెప్తున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. అందుకని మీ వార్డులో నెలంతా ఒక్క రిపోర్టూ లేదంటే నేనయితే ముందు ఆ వార్డుకే వెళ్ళి కూర్చుంటా.

మెడిసిన్_రెసిడెంట్

పేరు రాయాలా సార్ ఫారంలో?

ఎనస్థీషియా_డాక్టర్

రాసినవాళ్ళ పేరు ఇష్టముంటే రాయొచ్చు, ఎదుటివాళ్ళ పేరు అక్కర్లేదు, హోదా చాలు. "డ్యూటీ డాక్టర్", "స్టాఫ్ నర్స్". మీ దగ్గర ఫారంలో పేరు గడి తప్పనిసరిగా ఉంటే అది తీసెయ్యమని హాస్పిటల్ క్వాలిటీ విభాగం వాళ్ళని అడగండి, నర్సులు రెసిడెంట్లు కలిసి ఒకే లెటర్ మీద సంతకాలు పెట్టి ఇవ్వండి. లెటర్ నమూనా కావాలంటే రాసిస్తా.

నైట్_షిఫ్ట్_సిస్టర్

రాసివ్వండి సార్. మా వార్డులో ఎనిమిది మంది సిస్టర్లు సంతకం పెడతామన్నారు, అసిస్టెంట్లు కూడా పెట్టొచ్చా అని అడుగుతున్నారు.

ఎనస్థీషియా_డాక్టర్

తప్పకుండా. ముందు వాళ్ళతోనే పెట్టించండి.